ఎందుకో తెలిసినోళ్ళు, ఎట్లనో తెలిసినోళ్ళు

(అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో కామర్స్, ఇంజనీరింగ్ పిల్లలతో, కొందరు చిన్న యూనిట్ల ఓనర్లతో మాట్లాడిన పాఠం. రికార్డింగ్ విని టైప్ చేసినాం, మాటలు ఉన్నవి ఉన్నట్టే పెట్టినాం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఉన్నోళ్ళకి వినపడతాందా? సరే. చానా మంది నిలబడే ఉన్నారు, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండప్పా, ఎవరూ ఏమీ అనరు.

బ్యానర్ మీద ఎంట్రప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్, ఎకనామిక్ డెవలప్‌మెంట్ అని రాసినారు. నేను ఎకనామిక్స్ చెప్పుకునే మనిషిని కాబట్టి ఒక చిన్న లెక్కతో మొదలుపెడతా. మీ ఊర్లో పది కిరాణా అంగళ్ళు ఉన్నాయనుకోండి. మీలో ఒకరు డిగ్రీ అయినాక పదకొండో అంగడి పెట్టినారు. మంచిదే, మీ కాళ్ళ మీద మీరు నిలబడినారు, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఊరోళ్ళు నెలకి సరుకులకు పెట్టే డబ్బు పెరిగిందా? లేదు. ఇన్నాళ్ళూ పది మంది పంచుకున్న గిరాకీనే ఇప్పుడు పదకొండు మంది పంచుకుంటారు, అంతే. ఊరికి కొత్తగా వచ్చిందేం లేదు. అదే మీరు ఊరి శెనక్కాయల్ని గ్రేడింగ్ చేసి, తేమ చూసి, టెస్ట్ చేయించి, ఇంతకుముందు మన సరుకు వద్దన్న కొనుగోలుదారుడికి అమ్మగలిగినారనుకోండి, అప్పుడు ఊర్లోకి ఇంతకుముందు రాని రూపాయి వచ్చింది. మొదటిది బతుకుదెరువు, రెండోది డెవలప్‌మెంట్. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఈ రెండోదాని గురించే.

ఈ తేడాని గట్టిగా పట్టుకుని చెప్పింది జోసెఫ్ షుంపీటర్ అనే ఆయన. 1883లో పుట్టినాడు, ఆస్ట్రియా ఆర్థికవేత్త. 1911లో రాసిన పుస్తకంలో ఆయన చెప్పిందేందంటే, వ్యాపారం నడిపే ప్రతివాడూ ఎంట్రప్రెన్యూర్ కాదు, ఉన్నవాటినే కొత్తగా కలిపేవాడు ఎంట్రప్రెన్యూర్ అని. కొత్త సరుకు తేవచ్చు, పాత సరుకునే కొత్త పద్ధతిలో చేయొచ్చు, కొత్త మార్కెట్ పట్టొచ్చు, కొత్త ముడిసరుకు వెతకొచ్చు, లేదా వ్యాపారం నడిపే ఏర్పాటునే మార్చొచ్చు. చూడండి, ఇందులో యాప్ అనే మాటే లేదు. ఈ మధ్య పిల్లలు స్టార్టప్ అనగానే ఫోన్ తీస్తారు, ఫోన్‌లో ఏదో ఒకటి చేయాలని. యాప్ తప్పని అనడంలా, కానీ మన జిల్లాలో కొత్తగా కలపాల్సినవి ఫోన్ బయట చానా ఉన్నాయి.

ఆయన చెప్పిన ఐదిట్లో చివరిది, ఏర్పాటును మార్చడం, దానికి మన సీమలోనే మంచి ఉదాహరణ ఉంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టినారు. మగ్గం అదే, నూలు అదే, నేసే చెయ్యి అదే. మారింది ఏర్పాటు. నూలు ఎవరు కొంటారు, బట్ట ఎవరు అమ్ముతారు, లాభం ఎవరికి పోతాది, అది మారింది. 1954లోనే ఆయనకి పద్మశ్రీ ఇచ్చినారు. టెక్నాలజీ ఏమాత్రం లేకుండా ఇన్నోవేషన్ ఎట్లుంటాదని ఎవరన్నా అడిగితే నేను ఎమ్మిగనూరు పేరు చెప్తా.

ఇంగ రెండో విషయం. దేశం ఎదగాలంటే పెట్టుబడి కావాలి, ఫ్యాక్టరీ కావాలి, మిషన్ కావాలి అని మనందరికీ అనిపిస్తాది. రాబర్ట్ సోలో అని అమెరికా ఆర్థికవేత్త, 1957లో ఒక లెక్క కట్టినాడు. 1909 నుంచి 1949 దాకా నలభై ఏండ్లలో అమెరికాలో ఒక మనిషి ఒక గంటలో చేసే ఉత్పత్తి రెండింతలు అయింది. ఆ పెరుగుదలలో మిషన్లు, పెట్టుబడి వల్ల వచ్చింది ఎంత అని చూస్తే ఎనిమిదో వంతు! మిగతా ఏడు వంతులు పని చేసే పద్ధతి మారడం వల్ల, తెలివి పెరగడం వల్ల వచ్చిందని తేల్చినాడు. తర్వాతోళ్ళు ఆ లెక్కని సరిదిద్దినారు, వాదించినారు, అది వేరే సంగతి, కానీ ఆ రోజుల్లో అది చదివినోళ్ళకి షాక్. ఆయనకి 1987లో నోబెల్ వచ్చింది.

సరే, ఆ పద్ధతి మారడం అనేది యాడనుంచి వస్తాది? ఆకాశం నుంచి ఊడి పడదు కదా. 2025లో ఎకనామిక్స్ నోబెల్ ముగ్గురికి ఇచ్చినారు, జోయెల్ మోకిర్, ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్. ఇన్నోవేషన్ వల్ల ఎదుగుదల ఎట్ల వస్తాదో వివరించినందుకే ఇచ్చినారు. అగియోన్, హోవిట్ ఇద్దరూ 1992లో షుంపీటర్ మాటని లెక్కల్లో పెట్టి చూపించినారు, కొత్తది వచ్చి పాతదాన్ని పక్కకి నెట్టడం ద్వారానే ఎదుగుదల నడుస్తాదని. మోకిర్ మాత్రం చరిత్రకారుడు, నాకు ఆయన మాట ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అది అనంతపురానికి అతికినట్టు సరిపోతాది.

ఆయన అడిగిన ప్రశ్న ఏందంటే, వేల ఏండ్లుగా మనుషులు కొత్తవి కనుక్కుంటూనే ఉన్నారు, మరి ఆగకుండా ఎదగడం అనేది గత రెండు వందల ఏండ్లలోనే ఎందుకు మొదలైంది? ఆయన జవాబు, తెలివి రెండు రకాలు. ఒకటి, ఇది ఎందుకు పనిచేస్తాది అని తెలియడం. రెండోది, దీన్ని ఎట్ల చేయాలి అని తెలియడం. పాత కాలంలో ఎట్లనో తెలిసినోళ్ళు చానా మంది, వడ్రంగులు, కమ్మరోళ్ళు, నేతగాళ్ళు. ఎందుకో తెలిసినోళ్ళు వేరేచోట కూర్చుని పుస్తకాలు చదువుకుంటాండ్రి. ఈ ఇద్దరూ కలుసుకోలా. ఎందుకో తెలియకుండా చేసే పని ఒక దశకి వచ్చి ఆగిపోతాది, దాని మీద ఇంకోటి కట్టలేం. యూరప్‌లో ఈ ఇద్దరూ కలిసి మాట్లాడుకోవడం మొదలైనాకే ఒక కొత్తదాని మీద ఇంకో కొత్తది లేస్తా పోయింది అంటాడు. దాంతోపాటు సమాజం కొత్తదాన్ని ఒప్పుకోవాలి, పాతోళ్ళు అడ్డుపడకూడదు అని కూడా అంటాడు.

ఇప్పుడు మన ఊరు చూడండి. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది ఇక్కడ, అదే ఇప్పుడు జేఎన్‌టీయూ. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది. కాలేజీ గేటు లోపల ఎందుకో తెలిసినోళ్ళు ఉన్నారు. గేటు బయటికొచ్చి కొంచెం దూరం పోతే లేత్ షెడ్లు, వెల్డింగ్ అంగళ్ళు, మోటర్లు చుట్టేవాళ్ళు, ట్రాక్టర్ పనిముట్లు చేసేవాళ్ళు, వాళ్ళకి ఎట్లనో తెలుసు, అది కూడా మామూలుగా కాదు, కళ్ళు మూసుకుని చేస్తారు. ఈ ఇద్దరూ ఎన్నడన్నా ఒక టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగినారా? మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డబ్బులిచ్చి కొనుక్కొస్తారు కొంతమంది, నాకు తెలుసు, తల వంచుకోవాల్సిన పనిలేదు, కానీ ఆ వెల్డింగ్ అంగడాయన దగ్గర మీరు చేయగలిగిన ప్రాజెక్టులు పది ఉంటాయి.

ఈ ఇద్దరూ కలిసిన చోట ఏమైందో చెప్తా. కదిరిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది కదా. మన రైతులు దశాబ్దాలుగా టీఎంవీ-2 అనే శెనక్కాయ రకం వేసుకుంటాండ్రి, అది తమిళనాడు తిండివనం నుంచి వచ్చిన 1940 నాటి రకం. కదిరి సైంటిస్టులు మన ఎర్రనేలలో, మన వానల్లోనే పెంచి చూసి 2005లో కదిరి-6 విడుదల చేసినారు. ఈ జిల్లాలో శెనక్కాయ వేసిన రైతుకి కే-6 అంటే చాలు, ఇంకేం చెప్పే పనిలేదు. అది స్టార్టప్ కాదు, దానికి ఇన్వెస్టర్ లేడు, గవర్నమెంటు జీతం తీసుకునే సైంటిస్టులు చేసినారు. ఇన్నోవేషన్ అంటే ప్రైవేటు కంపెనీలే చేస్తాయి అనుకునేవాళ్ళు కదిరి దాకా పోయి రండి.

అట్ల కలవనప్పుడు ఏమైతాది? దానికి మన జిల్లాలో ఉన్నంత పెద్ద పాఠం ఇంకెక్కడా లేదు. బోర్లు.

దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అడుగునంతా గట్టి రాయి, గ్రానైట్. ఆ రాయిలో నీళ్ళు పైన మెత్తబడిన పొరలోనూ, కింద పగుళ్ళలోనూ మాత్రమే ఉంటాయి. బోర్ రిగ్గు అనేది గొప్ప మిషన్, గంటల్లో వందల అడుగులు దిగుతాది, ఎట్లనో దానికి తెలుసు. ఒక రైతు రెండు వందల అడుగులు వేసినాడు, నీళ్ళు పడినాయి, చీనీ తోట, అంటే బత్తాయి తోట పెట్టినాడు. పక్కాయన మూడు వందలు వేసినాడు. మొదటాయన బోరు ఎండింది, ఆయన మళ్ళీ నాలుగు వందలకి పోయినాడు. అట్ల అట్ల వెయ్యి అడుగుల దాకా పోయినోళ్ళు ఉన్నారు. ఇక్కడ ధైర్యానికి కొదవ లేదు, రిస్క్ తీసుకోవడానికి కొదవ లేదు. ఎంట్రప్రెన్యూర్‌కి ఏం గుణాలు ఉండాలని పుస్తకాల్లో రాస్తారో అన్నీ మన రైతులో ఉన్నాయి. కానీ లోతుకి పోయేకొద్దీ రాయిలో పగుళ్ళు తగ్గుతాయి, అందరం తోడేది అదే నీళ్ళు, పైనుంచి పడే వాన అంతే, ఇది ఎందుకు అనే తెలివి. అది ఊరికి చేరలా. ఆ రిగ్గు బండ్లు చానా వరకు తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చేవి, ఆ ఊరు బోరు బండ్ల వ్యాపారంతోనే ఎదిగింది. సంపాదన వాళ్ళది, అప్పు మన రైతుది, ఎండిన చీనీ చెట్లు మన పొలాల్లో. ఒక మిషన్ ఒక ఊరిని బాగు చేసి ఇంకో ఊరిని అప్పుల్లో ముంచడం కండ్ల ముందర చూసినాం.

విలియం బౌమల్ అనే ఆర్థికవేత్త 1990లో చెప్పినాడు, ఏ సమాజంలోనైనా చురుకైనోళ్ళు ఉంటారు, వాళ్ళ చురుకు సంపద పెంచే పని మీదికి పోతాదా, ఉన్నదాన్ని లాక్కునే పని మీదికి పోతాదా అనేది అక్కడి రూల్స్‌ని బట్టి ఉంటాది అని. బోర్ల పోటీలో మనది రెండో దారి అయింది, రైతు చెడ్డోడై కాదు, రూల్ అట్లుంది, భూమి పైన సరిహద్దు ఉంది, కింద నీళ్ళకి లేదు. 2002లో నీళ్ళు, భూమి, చెట్లు కాపాడటానికి వాల్టా చట్టం వచ్చింది, పేపర్ మీద మంచి చట్టం. దానికంటే నాకు నచ్చింది ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఒక ప్రాజెక్టు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో 2003 తర్వాత ఏడు జిల్లాల్లో నడిచింది, మన అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. అందులో రైతులే వాన కొలిచినారు, రైతులే బోరులో నీటి మట్టం టేపు దించి కొలిచినారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈ సంవత్సరం భూమిలో ఎన్ని నీళ్ళు ఉన్నాయి, ఏ పంటకి ఎన్ని కావాలి అని గోడ మీద లెక్క రాసినారు. ఎవరూ ఎవరికీ ఆర్డర్ వేయలా, నీళ్ళు తక్కువ తాగే పంటకి వాళ్ళంతట వాళ్ళే మారినోళ్ళు చానా మంది. ఎందుకు అనే తెలివి నేరుగా రైతు చేతికి పోయింది.

డ్రిప్ కూడా అంతే. ఇజ్రాయెల్‌లో 1965లో నెటాఫిమ్ కంపెనీగా మొదలైన పద్ధతి, మన రాష్ట్రంలో 2003లో ఏపీఎంఐపీ అనే మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు పెట్టి సబ్సిడీతో పొలాల్లోకి తెచ్చినారు. చీనీ, అరటి, దానిమ్మ ఈ ఎండల్లో నిలబడినాయంటే దానివల్లే. తర్వాత 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి కంటెయినర్ల రైలు ముంబై జేఎన్‌పీటీ పోర్టుకి పోయింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది. షుంపీటర్ చెప్పిన కొత్త మార్కెట్ అంటే ఇదే. గెల కోసిన కాడి నుంచి కడగడం, గ్రేడ్ చేయడం, బాక్సులో పెట్టడం, చల్లగా ఉంచడం, ఇన్ని పనులు కొత్తగా పుట్టినాయి, ఇన్ని కూలీలు, ఇన్ని చిన్న వ్యాపారాలు.

మరి శెనక్కాయకి అట్ల ఎందుకు కాలేదు? ఇది కొంచెం వివరంగా చెప్తా, మీలో ఎవరికైనా పనికొస్తాది.

శెనక్కాయకి ఒక బూజు పడతాది, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అంటారు, అది అఫ్లటాక్సిన్ అనే విషం తయారు చేస్తాది. కంటికి కనపడదు, వేయిస్తే పూర్తిగా పోదు, లివర్‌కి చెరుపు. యూరప్ వాళ్ళు నేరుగా తినే శెనక్కాయలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకి 4 మైక్రోగ్రాములు దాటితే వెనక్కి పంపుతారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. అంత తక్కువలో మనం ఫెయిల్ అయితే మనకి మిగిలేది నూనె మిల్లు, లేదా తక్కువ రేటు.

ఈ బూజు ఎప్పుడు పడతాది? కాయ ఊరే టైంలో వాన మొహం చాటేస్తే నేలలోనే పడతాది, అది మనకి దాదాపు ప్రతి రెండు మూడేండ్లకి జరిగేదే. అది మన చేతిలో లేదు, పొలంలో నీటి గుంత ఉండి ఒక తడి ఇవ్వగలిగితే తప్ప. కానీ చెట్టు పీకినాక జరిగేది మన చేతిలో ఉంది. పీకిన చెట్టుని ఎట్ల పడితే అట్ల పారేస్తే కాయలు ఆకుల కింద తడిగా ఉంటాయి. తలకిందులు చేసి, కాయలు పైకి, ఆకు నేలకి ఉండేటట్లు వరసలో పెడితే గాలి ఎండ రెండూ తగులుతాయి, అదనంగా పైసా ఖర్చు లేదు. సరిగ్గా ఎండకముందే వామి వేస్తే లోపల ఉమ్మగిల్లి చెడిపోతాది. దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, కాయ కొట్టించి గింజ తీసే ముందు నీళ్ళు చల్లడం. నీళ్ళు చల్లితే గింజ పగలదు, బరువు కూడా వస్తాది, అందుకే చల్లుతారు. గింజలో తేమ 8 శాతం కింద ఉంటే బూజు పెరగదు, నీళ్ళు చల్లి గోనెసంచిలో కుట్టి గోడౌన్‌లో పెడితే ఇంగ చూసుకోండి.

ఇప్పుడు మీరు ఆలోచించండి. నీళ్ళు చల్లకుండా గింజ పగలకుండా కొట్టే మిషన్ కావాలి, అది లేత్ షెడ్ పని, జల్లెడ కంతల సైజు, లోపల రబ్బరు పట్టీ, స్పీడు, మెకానికల్ పిల్లలూ అది మీ పని. తేమ చూసే మీటరు మార్కెట్ యార్డ్‌లో ప్రతి రైతు ముందర ఉండాలి, అది ఎలక్ట్రానిక్స్ పిల్లల పని. అఫ్లటాక్సిన్ టెస్ట్‌కి హైదరాబాద్ దగ్గర పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ళు తక్కువ ఖర్చులో అయ్యే ఎలీసా పద్ధతి తయారు చేసినారు, టెస్ట్ చేసి కాగితం ఇచ్చే చిన్న ల్యాబ్ నడపడం బయోకెమిస్ట్రీ పిల్లల పని. టెస్ట్ కాగితం ఉన్న లాట్‌కి ఎక్కువ రేటు ఇచ్చే కొనుగోలుదారుని వెతకడం, చిక్కీ కంపెనీ కావచ్చు, పీనట్ బటర్ కంపెనీ కావచ్చు, అది బీకాం పిల్లల పని. నలుగురూ ఈ హాల్లోనే ఉన్నారు. ఒకరికొకరు పరిచయం ఉన్నారా అనేదే నా అనుమానం. మంచి సరుకుకి మంచి రేటు వస్తాదని రైతుకి ఒక్క సీజన్ కళ్ళారా చూపిస్తే నీళ్ళు చల్లడం అదే ఆగుతాది, ఉపన్యాసాలు అక్కర్లా.

మాది ధర్మవరం, మగ్గం ఇల్లు, కాబట్టి మగ్గం గురించి రెండు మాటలు. పట్టుచీర అంచులో బుటా పడాలంటే జాకార్డ్ కావాలి, 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్ అనే ఆయన తయారు చేసిన పద్ధతి. మగ్గం పైన అట్టలు దండగా కుట్టి ఉంటాయి, అట్టకి కంతలు, కంత ఉన్న చోట పడుగు దారం పైకి లేస్తాది, లేనిచోట లేవదు, పేక వేసినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతాది. కొత్త డిజైన్ కావాలంటే గ్రాఫ్ కాగితం మీద గీసి, అట్టలు కొట్టించి, కుట్టి, ఎక్కించాలి, అయ్యేలోపల పండగ సీజన్ అయిపోతాది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డ్ వచ్చింది, డిజైన్ పెన్‌డ్రైవ్‌లో వస్తాది. కాలితో తొక్కే బరువు తగ్గించే మోటారు లిఫ్టింగ్ మిషన్ వచ్చింది, మోకాళ్ళ నొప్పితో నలభై ఏండ్లకే మగ్గం దిగినోళ్ళని చూసిన నాకు అది ఎంత పెద్ద విషయమో తెలుసు. కానీ కరెంటు ఎగుడుదిగుడు అయి బోర్డు కాలిపోతే? మా ఇంట్లో కాలిపోయింది, బెంగళూరుకి పంపినాం, అది తిరిగొచ్చేదాకా మగ్గం నిలబడింది, మగ్గం నిలబడితే ఇల్లు నిలబడినట్టే. ధర్మవరంలో మగ్గం విప్పి బిగించేవాళ్ళు వీధికొకరు, సర్క్యూట్ బోర్డు బాగుచేసే మనిషి దొరకడం కష్టం. ఈ హాల్లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. చూసినారా. ధర్మవరం ఇక్కడినుంచి బస్సులో గంట.

తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారి గురించి చానా మందికి తెలుసు. ఆయన తల్లి ఆసు పోసేది, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పేది, ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేల సార్లు అటూ ఇటూ ఊపాల, భుజాలు పోయేవి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి, 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు మిషన్ పూర్తి చేసినాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. అందరూ ఆయన పట్టుదల గురించి చెప్తారు, చెప్పాల్సిందే. నాకు మాత్రం ఆ ఏడేండ్లు బాధ కలిగిస్తాయి. మోటారు, గేరు, టైమింగ్ తెలిసిన ఒక్క ఇంజనీరింగ్ లెక్చరర్ ఆయన పక్కన కూర్చుని ఉంటే ఎన్ని ఏండ్లు తగ్గేవో, ఇంకెంతమంది తల్లుల భుజాలు ముందే బాగుపడేవో.

ఇంకో లెక్క చెప్పాలి మీకు, ఇది చానా మంది చెప్పరు. విలియం నార్డ్‌హాస్, 2018లో నోబెల్ వచ్చిన ఆయన, 1948 నుంచి 2001 దాకా అమెరికా లెక్కలు చూసి, కొత్తది కనుక్కోవడం వల్ల సమాజానికి వచ్చే మొత్తం లాభంలో కనుక్కున్నోళ్ళకి దక్కేది నూటికి 2.2 మాత్రమే అని తేల్చినాడు. మిగతాది అంతా వాడుకున్నోళ్ళకి, కాపీ కొట్టినోళ్ళకి, తక్కువ రేటుకి కొన్నోళ్ళకి పోతాది. అంటే డెవలప్‌మెంట్ వచ్చేది కనుక్కున్న రోజు కాదు, అది పది ఊర్లకి పాకినప్పుడు. అందుకే పరిశోధనకి, ట్రైనింగ్‌కి, టెస్టింగ్ ల్యాబులకి గవర్నమెంటు డబ్బు పెట్టడం దండగ ఖర్చు కాదు. అట్లని పాకడం అంతా మంచిదే అని కూడా కాదు, పవర్‌లూమ్ మీద మా డిజైన్ నేసి చేనేత అని అమ్మితే అది మోసం, 1985లోనే చేనేతకి కొన్ని రకాలు రిజర్వ్ చేస్తూ చట్టం ఉంది, అమలు గట్టిగా జరిగితే నేతగాడికి కొత్త డిజైన్ గీయాలనే ఆశ మిగులుతాది.

కియా కార్ల ఫ్యాక్టరీ గురించి మాట్లాడకపోతే ఊరుకోరు మీరు. 2017లో ఒప్పందం అయింది, 2019లో పెనుకొండ దగ్గర కార్లు రావడం మొదలైంది, ఇప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. రోడ్డు ఉంది, హంద్రీనీవా కాలువ నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయర్‌కి చేరినాయి కాబట్టి వచ్చింది, పొలానికి అని తవ్విన కాలువ ఫ్యాక్టరీకి కూడా దారి చేసింది. ఉద్యోగాలు వచ్చినాయి, మంచిదే. కానీ దానితోపాటు విడిభాగాలు చేసే కంపెనీలు కూడా చానా వరకు కొరియా నుంచే వచ్చినాయి. అనంతపురం లేత్ షెడ్డు ఆయన ఆ కంపెనీకి ఒక చిన్న బ్రాకెట్ సప్లై చేసే రోజు వస్తే, ఆ క్వాలిటీ ఆయన నేర్చుకుంటే, ఆయన దగ్గర పనిచేసిన నలుగురు పిల్లలు బయటికొచ్చి వాళ్ళ షెడ్లు పెట్టుకుంటారు, అప్పుడు ఫ్యాక్టరీ తెలివి ఈ మట్టిలో నాటుకున్నట్టు. రాయదుర్గం జీన్స్ కూడా అంతే, జీన్స్ కుట్టే బళ్ళారి పక్కన ఉండబట్టి కుట్టు పని చానా బాగా వచ్చింది మనోళ్ళకి, ప్యాంటు కుట్టేది మనం, పేరు వేసేది ఇంకొకరు, ఎక్కువ డబ్బు పేరుకి పోతాది. మన సీమలోనే మంగంపేటలో ఉండే బెరైటీస్ అనే ఖనిజం ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి, ఆయిల్ డ్రిల్లింగ్‌లో వాడతారు, మనం చానా వరకు తవ్వి, పొడి చేసి పంపుతాం.

టైం అయిపోతాంది, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఐడియా ఉంది కానీ ఇంట్లో డబ్బుల్లేవు, తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. బ్యాంకులో లోన్ ఇస్తారా?)

కూర్చోమ్మా. చిన్న యూనిట్లకి కనీసం 10 లక్షల దాకా లోన్‌కి తాకట్టు అడగకూడదని ఆర్‌బీఐ రూల్ ఉంది, ఆ మాట బ్యాంకులో మర్యాదగా గుర్తు చేయి. పీఎంఈజీపీ అని కొత్త చిన్న యూనిట్లకి కేంద్రం సబ్సిడీ స్కీమ్ ఉంది, తయారీ యూనిట్ అయితే 50 లక్షల ప్రాజెక్టు దాకా, సర్వీస్ అయితే 20 లక్షల దాకా. పల్లెలో పెడితే జనరల్ వాళ్ళకి 25 శాతం, ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీ బీసీ మైనారిటీలకి 35 శాతం సబ్సిడీ. నీ చేతి డబ్బు 5 శాతం ఉంటే చాలు. ఇప్పుడు ఎట్లుందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు. కానీ అమ్మా, సబ్సిడీ వస్తాంది కాబట్టి యూనిట్ అనే లెక్కలోకి పోవద్దు. ముందు ఆ సరుకుని చేత్తో, అద్దె మిషన్ మీద కొంచెం చేసి, ముక్కు మొహం తెలియని పది మందికి అమ్మి చూడు. చుట్టాలు కొంటే అది లెక్క కాదు. వాళ్ళు రెండోసారి వచ్చి అడిగితే అప్పుడు బ్యాంకుకి పో.

(వెనక వరుస నుంచి ఒక యూనిట్ ఓనర్: అయ్యా, లోన్ సంగతి పక్కన పెట్టండి. సరుకు పంపినాక పెద్ద కంపెనీలు ఆరు నెలలకి కూడా డబ్బులు ఇయ్యరు. గట్టిగా అడిగితే ఆర్డర్ పోతాది. దానికేం చేయాల?)

అన్నా, ఇది నేను ముందే చెప్పాల్సిన విషయం, అడిగి మంచి పని చేసినారు. చిన్న యూనిట్లు నష్టం వచ్చి మూతపడటం కంటే రావాల్సిన డబ్బు రాక మూతపడటం ఎక్కువ అనేది నేను చూసినదాన్ని బట్టి చెప్తాన్నా. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా యూనిట్ల కోసం వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్‌కి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇచ్చేయాల, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. 2023-24 నుంచి ఇన్‌కమ్ టాక్స్‌లో కూడా మార్పు తెచ్చినారు, గడువు దాటి బాకీ పెట్టిన డబ్బుని ఆ కంపెనీ ఆ సంవత్సరం ఖర్చు కింద చూపించుకోలేదు, కాబట్టి మార్చి నెలలో వాళ్ళ ఆడిటరే వాళ్ళని తొందర పెడతాడు. కానీ దీనికి మీకు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే ఎంఎస్ఎంఈ యూనిట్‌గా గవర్నమెంటు దగ్గర నమోదు ఉండాల, అది ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఎవరికీ ఒక్క రూపాయి ఇచ్చే పనిలేదు, సరుకు పంపకముందే తీసుకుని ఉండాల, బిల్లు మీద ఆ నంబరు వేయాల. వట్టి కొని అమ్మే వ్యాపారానికి ఇది వర్తించదు, తయారీకి, సర్వీసులకే. అయినా ఇయ్యకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, అది ఇట్లాంటి బాకీ గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి పోతాది, అక్కడ మీ వైపు తీర్పు వస్తే దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ఆ కంపెనీ ముందు 75 శాతం డబ్బు కట్టాల.

ఆర్డర్ పోతాదనే భయం నిజమే, కాదనను. అందుకే ఒంటరిగా పెట్టొద్దు. అదే కంపెనీకి సప్లై చేసే మీ ఎస్టేట్‌లోని ఐదారుగురు కలిసి, ఒకే లెటర్‌లో, బాకీ ఎంత, ఎన్ని రోజులైంది అని పట్టిక వేసి పంపండి ముందు. మీ బిల్లులు, డెలివరీ చలాన్లు తీసుకుని స్టేజీ దిగినాక నా దగ్గరికి రండి, కామర్స్ పిల్లలు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెడతా, ఆ పట్టిక ఈ రోజే తయారు చేద్దాం.